ఓడ ఒడ్డుకు రాని రేవు: మచిలీపట్నం ఎదుగుదల, తరుగుదల

మచిలీపట్నానికి సహజమైన ఓడరేవు ఎన్నడూ లేదు. కృష్ణానది తెచ్చిపోసే ఒండ్రుతో అక్కడ సముద్రం చాలా దూరం దాకా లోతు లేకుండా ఉంటుంది. పెద్ద ఓడలు తీరానికి నాలుగైదు మైళ్ళ అవతలే లంగరు వేసుకునేవి. సరుకు చిన్న పడవల్లోకి దిగి, పోటు సమయం చూసుకుని, ఉప్పుటేరు వెంట ఊళ్ళోకి వచ్చేది. పాటులో పడవ బురదలో కూరుకుపోతే మళ్ళీ పోటు వచ్చేదాకా ఎదురుచూడవలసిందే. ఊరి చుట్టూ పర్ర భూములు, తాగబోతే ఉప్పునీళ్ళు. 1618 నుంచి నాలుగేళ్ళపాటు ఇక్కడ ఉన్న ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెత్‌వోల్డ్, ఈ ఊరు చిన్నదే అయినా జనసమ్మర్దం గలదనీ, ప్రాకారం లేదనీ, కట్టడాలు నాసిరకమనీ, ఊరు వెలసిన చోటు అంతకన్నా అధ్వాన్నమనీ రాసిపెట్టాడు. అలాంటి చోటు వందేళ్ళకు పైగా బంగాళాఖాతపు పడమటి తీరాన మొదటి వరస రేవుల్లో ఒకటిగా ఎలా నిలిచిందో, తరవాత ఎందుకు చతికిలబడిందో తేల్చడమే ఈ పట్టణ చరిత్రలో అసలు ప్రశ్న.

రేవు ఘనత నీటి లోతు మీద కన్నా దాని వెనక ఉన్న నేల మీద ఆధారపడుతుంది. బందరు అని కూడా పిలిచే ఈ ఊరి చరిత్ర మొత్తం ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ప్రాచీనత విషయంలో మొదటి చిక్కు పేరు దగ్గరే ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల మార్గదర్శి 'పెరిప్లస్' మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. 2వ శతాబ్దంలో టాలమీ దాన్నే మైసోలియా అన్నాడు, మైసోలోస్ అనే నదిని కూడా చెప్పాడు. ఆ నది కృష్ణ అనే చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఈ ధ్వనిసామ్యం చూసి మైసోలియా అంటే మచిలీపట్నమేనని చెప్పేయడం పరిపాటి అయింది. కానీ ఆ గ్రంథాలు మైసోలియాను ఒక దేశభాగంగా చెప్పాయి, ఊరుగా కాదు. టాలమీ చెప్పిన వర్తక కేంద్రం కంటకోస్సిల. శాసనాల్లో కనిపించే కంటకసోల, అంటే నేటి ఘంటసాల, అదేనని పండితులు గుర్తించారు. ఘంటసాల ఇప్పుడు సముద్రానికి దూరంగా, పొలాల నడుమ ఉంది. అక్కడి బౌద్ధస్తూపపు శిథిలాల్లో సివకుడనే మహానావికుడి పేరుతో శాసనం దొరికింది. ఓడ నడిపేవాడు దానం చేసి పేరు చెక్కించుకోగలిగాడంటే, సముద్ర వర్తకం ఆ సీమలో ఎంత పరువైన వృత్తో తెలుస్తుంది. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో శాతవాహనులు నాణేలు వేసిందీ ఆ కాలంలోనే. కాబట్టి కృష్ణా ముఖద్వారపు వర్తకం రెండువేల ఏళ్ళ నాటిదనడం నిజం. బందరు ఊరు రెండువేల ఏళ్ళుగా అదే చోట ఉందనడం మాత్రం ఆధారాలకు మించిన మాట. ఒండ్రు మేట వేసినకొద్దీ తీరం ముందుకు జరిగింది, రేవులూ చోటు మారుతూ వచ్చాయి.

కాకతీయుల నాటికి ఆ స్థానం మోటుపల్లికి దక్కింది. 1244-45లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం తెలుగు తీరపు వర్తక చరిత్రలో గొప్ప పత్రం. అంతకుముందు రాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాగేసుకునేవారు. తాను అలా చేయననీ, నియమిత సుంకం తప్ప మరేదీ తీసుకోననీ గణపతిదేవుడు పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. రుద్రమదేవి కాలానికి సంబంధించి మార్కోపోలో వర్ణించిన ముత్ఫిలి ఈ మోటుపల్లే. సాలెగూడు దారమంత సన్నని బట్టల గురించీ, వజ్రాల గురించీ అతడు చెప్పాడు. తరవాత మచిలీపట్నాన్ని నిలబెట్టినవి కూడా ఈ రెండు సరుకులే.

మచిలీపట్నం అంటే చేపల ఊరు. కోటద్వారాన్ని చేపల కళ్ళతో అలంకరించడం వల్ల ఆ పేరు వచ్చిందని స్థానికంగా ఒక కథ ఉంది, దాన్ని కథగానే తీసుకోవాలి. బందరు అన్నది రేవు అనే అర్థంలో పారసీ నుంచి వచ్చిన మాట. కాగితాల్లో మచిలీపట్నం, నోటిమాటలో బందరు. ఊరు రేవుగా బతికిన కాలం ఆ రెండో పేరులో మిగిలింది.

పట్టణం నిజంగా లేచింది 16వ శతాబ్ది ఉత్తరార్ధంలో. బహమనీల, గజపతుల, విజయనగర రాజుల చేతులు మారిన కృష్ణా డెల్టా కుతుబ్‌షాహీల వశమై స్థిరపడింది. గోల్కొండకు ఒక సముద్రద్వారం కావలసివచ్చింది. పశ్చిమతీరపు రేవుల మీద పోర్చుగీసువాళ్ళ పెత్తనం సాగుతోంది. వాళ్ళ అనుమతి పత్రాలు కొనడం ఇష్టంలేని వర్తకులకు, వాళ్ళ చేయి అంతగా ఆనని బందరు అనువుగా దొరికింది. ఇక్కడినుంచి ఓడలు పెగూకు, అరకానుకు, తెనాసరిమ్‌కు, సుమత్రాలోని ఆచేకు వెళ్ళేవి. కెంపులు, తగరం, మిరియాలు, సాంబ్రాణి తెచ్చేవి. పడమటివైపు ఎర్రసముద్రంలోని మోఖాకూ, పారసీక సింధుశాఖలోని రేవులకూ రాకపోకలుండేవి. గోల్కొండ సుల్తానులు షియాలు కావడంతో ఇరానుతో చుట్టరికంలాంటి సంబంధం ఏర్పడింది, ఇరానీ వర్తకులు వచ్చి బందరులో స్థిరపడ్డారు. నూనె వ్యాపారి కొడుకుగా పుట్టి ఇరాను నుంచి వచ్చాడనే మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంతో పైకొచ్చి, మచిలీపట్నం పాలనాధికారం చేపట్టి, చివరికి గోల్కొండకు ప్రధానమంత్రి అయ్యాడు. రేవు చేతిలో ఉన్నవాడికి రాజ్యంలో ఎంత పలుకుబడి ఉండేదో అతడి జీవితం చెబుతుంది.

యూరోపియన్లు వచ్చి బందరును ఓడరేవును చేశారన్న పాత పాఠం తప్పు. వాళ్ళు వచ్చేసరికే ఇక్కడ సందడి ఉంది. ఆ సందడి చూసే వచ్చారు. డచ్చివాళ్ళు 1605లో చేరి, మరుసటేడు గోల్కొండతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో వచ్చింది. 1669లో ఫ్రెంచివాళ్ళు స్థావరం పెట్టారు. వీళ్ళ అసలు అవసరం సుగంధద్రవ్యాలు. అవి దొరికే దీవుల్లో జనం వెండికన్నా కోరమాండల్ బట్టలకే ఎక్కువ మొగ్గేవారు. అందుకని బందరులో బట్ట కొని, ఆగ్నేయాసియాలో అమ్మి, ఆ సొమ్ముతో లవంగాలూ జాజికాయా కొనడం డచ్చివాళ్ళ పద్ధతి. తపన్ రాయ్‌చౌధురి, అరసరత్నం వంటి చరిత్రకారులు డచ్చి రికార్డులు తవ్వి ఈ లెక్కంతా బయటపెట్టారు. అరసరత్నం, అనిరుద్ధ రే కలిసి మచిలీపట్నాన్నీ గుజరాతులోని ఖంభాతునూ పక్కపక్కన పెట్టి పుస్తకమే రాశారు. ఇంగ్లీషువాళ్ళకు 1630లలో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానా చరిత్రలో 'బంగారు ఫర్మానా'గా పేరుపడింది. ఏడాదికి 500 వరహాలు చెల్లిస్తే గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చన్నది దాని సారాంశం.

ఆ రోజుల ఆనవాళ్ళు బందరు పేటల పేర్లలో నేటికీ వినిపిస్తాయి. ఫ్రెంచివాళ్ళను తెలుగువాళ్ళు పరాసులన్నారు, వాళ్ళున్నది పరాసుపేట. డచ్చివాళ్ళు వలందులు, వాళ్ళది వలందపాలెం. ఇంగ్లీషుపాలెం సరేసరి. వలందుల సమాధులు చెక్కిన రాతిపలకలతో, వంశచిహ్నాలతో ఇంకా ఉన్నాయి.

బందరుకు పేరు తెచ్చిన బట్ట కలంకారీ. కలం పారసీ మాటే అయినా, మచిలీపట్నం బాణీలో కలం కన్నా అచ్చు దిమ్మెదే ముఖ్యపాత్ర. టేకు చెక్క మీద లోతుగా చెక్కిన దిమ్మెలతో అద్దుతారు. శ్రీకాళహస్తి పనిలో దేవతలు, పురాణకథలు ఉంటే, బందరు పనిలో ఇరానీ రుచికి తగ్గ లతలు, పూలు, జీవవృక్షం కనిపిస్తాయి. కొనేవాడి కన్ను బట్ట మీద ఎలా పడుతుందో ఈ తేడా చూపిస్తుంది. పని వరస కూడా తెలుసుకోదగ్గది. ముతక నూలుబట్టను మొదట ఉతికి గంజి తీసేస్తారు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయ రంగును పట్టుకోవడానికి, పాలలోని కొవ్వు రంగు చెదరకుండా ఉండడానికి. తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లపునీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన నీళ్ళతో గీతలు అద్దితే, కరక్కాయ తగిలినచోట అవి నల్లగా తేలతాయి. ఎరుపు రావలసినచోట పటిక నీళ్ళు అద్దుతారు. అప్పటికి బట్ట మీద ఎరుపు కనిపించదు. చిరివేరు వేసిన రాగి కాగులో ఉడికించినప్పుడు, పటిక తాకిన చోటల్లా ఎరుపు పైకి వస్తుంది. తరవాత పారే నీటిలో జాడించి, ఇసుకమీద పరిచి, ఎండకు వేస్తారు. చిరివేరు అనే ఈ చిన్న మొక్క కృష్ణా డెల్టా ఇసుకనేలల్లో పండేది, ముఖ్యంగా నిజాంపట్నం వైపు దొరికే వేరుకు ఎరుపు బాగా వస్తుందని కొనేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. నేల, నీళ్ళు, ఎండ, వేరు, చేతిపని ఐదూ ఒక్కచోట కుదరడం వల్లే ఆ ఎరుపు వచ్చింది. రేవు ఇంకెక్కడికి మారినా అది దానివెంట వెళ్ళేది కాదు.

వెనకనేల డెల్టాతో ఆగలేదు. ఖమ్మం సీమలోని నాగులవంచలో డచ్చివాళ్ళు నీలిమందు, బట్టల కోసం స్థావరం పెట్టుకున్నారు. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు ఇరానుకు వెళ్ళింది, కత్తులకు పనికివచ్చే ఆ ఉక్కు మేలిరకం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు గోల్కొండ చేరి అక్కడినుంచి లోకమంతా తిరిగాయి. కొల్లూరు ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. డెల్టా పొగాకు కూడా ఓడలెక్కింది. గోల్కొండ నుంచి బందరుకు బండ్లదారి ఉండేది. 17వ శతాబ్దపు ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే నడిచిన బాటల్లో అదొకటి. సుల్తాను కొలువుకు కావలసిన పరిమళాలు, గుర్రాలు, చీనా పింగాణి ఆ దారిన పైకెళ్ళేవి, రాజ్యపు పంట కిందికి దిగేది. 1670లలో గోల్కొండ సుల్తాను తానాషా స్వయంగా బందరుకు వచ్చాడు. ఆ ప్రయాణంలోనే కూచిపూడి నాట్యం చూసి, ఆ గ్రామాన్ని భాగవతులకు ఇచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ కాలమంతా స్వర్ణయుగమని చెప్పుకునే అలవాటును సరిదిద్దుకోవాలి. సుంకాల వసూలును వేలంపాటలో కొన్న హవల్దారు, పాట సొమ్ము రాబట్టుకోవడానికి రైతునూ నేతగాణ్ణీ పిండేవాడు. 1630ల తొలి ఏళ్ళ కరువు నేతపల్లెలను చావుదెబ్బ కొట్టింది. కంపెనీ బయానా తీసుకున్న నేతగాడు దాన్ని తీర్చలేక, మరొకరికి అమ్ముకోలేక అక్కడికక్కడే బందీ అయ్యేవాడు. ఇరాను మేడల్లో పరిచిన గుడ్డ వెనక ఇదంతా ఉంది.

పతనానికి కారణాలు చెప్పేటప్పుడు చాలామంది తుపానుతోనో ఇసుకమేటతోనో మొదలుపెడతారు. అవి కంటికి కనబడేవి, నిజమైనవి కూడా. కానీ వరస చూస్తే దెబ్బ అంతకుముందే పడింది. 1639లో ఇంగ్లీషువాళ్ళు దక్షిణాన మద్రాసును సంపాదించుకున్నారు. అక్కడి నేల తమది, కోట తమది, హవల్దారు బెడద లేదు. కొన్నేళ్ళలో తీరప్రాంతపు పెత్తనం అక్కడికి మారింది. 1686లో బాకీల తగాదా మీద డచ్చివాళ్ళు బందరును కొంతకాలం పట్టుకున్నారు. మరుసటేడు, 1687లో, ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. అసలైన గండి ఇదే. కొలువు పోయింది, కొలువు కొనే సరుకు పోయింది, ఇరానీ వర్తకులకు అండ పోయింది. దారుల మీద భద్రత తగ్గింది. మరోవైపు బెంగాలు బట్ట యూరోపు మార్కెట్టులో ముందుకొచ్చి, కోరమాండల్ వాటాను లాక్కుంది. 18వ శతాబ్దిలోకి అడుగుపెట్టేసరికి ఓడలు ఇంకా వస్తున్నా, బందరు ప్రభ మసకబారిందని రికార్డుల్లో కనిపిస్తుంది.

ఆ శతాబ్దంలో ఊరికి యుద్ధం వల్ల మళ్ళీ ప్రాముఖ్యం వచ్చింది. 1750లో ఫ్రెంచివాళ్ళు బందరును స్వాధీనం చేసుకుని, పర్రల నడుమ ఉన్న కోటను బలపరిచారు. 1753లో ఉత్తర సర్కారులు వాళ్ళ చేతికి వచ్చాయి. 1758 చివర చందుర్తి దగ్గర ఓడిన ఫ్రెంచి సేన బందరు కోటలోకి చేరింది. కర్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన విజయనగరం ఆనందగజపతిరాజు సాయంతో వచ్చి ముట్టడి వేసింది. ఫోర్డు దగ్గర మందుగుండు అడుగంటింది, జీతాలందక సిపాయిల్లో అలజడి, ఫ్రెంచివాళ్ళకు సాయంగా నిజాం సలాబత్‌జంగ్ పెద్ద సైన్యంతో దగ్గరికి వస్తున్నాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు అన్నిటికీ తెగించాడు. దాటలేరని ఫ్రెంచివాళ్ళు ధీమాగా ఉన్న బురదపర్ర వైపు ఒక దళాన్ని దారి మళ్ళించడానికి పంపి, మరోవైపు ప్రధాన దాడి చేయించాడు. ఫ్రెంచి దళపతి కాన్‌ఫ్లాన్ తెల్లవారేలోగా లొంగిపోయాడు. సలాబత్‌జంగ్ ఇక పోట్లాడక మే నెలలో మచిలీపట్నాన్నీ చుట్టుపక్కల సీమలనూ ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. తెలుగు కోస్తా ఇంగ్లీషువాళ్ళ పాలన కిందికి పోవడానికి ఆ ఒక్క రాత్రి పునాది వేసింది. పాఠ్యపుస్తకాల్లో ప్లాసీకి ఇచ్చే చోటులో పదోవంతు కూడా దానికి దక్కదు. ఫ్రెంచివాళ్ళకు మాత్రం పరాసుపేటలో చిన్న తావు మిగిలింది. దాన్ని వాళ్ళు 1947 అక్టోబరులో స్వతంత్ర భారతదేశానికి అప్పగించారు.

ఇంగ్లీషు ఏలుబడిలో పట్టణానికి కార్యాలయాలు దక్కాయి, వర్తకం దక్కలేదు. కంపెనీ ఏకైక కొనుగోలుదారుగా నేతగాళ్ళ మీద పట్టు బిగించింది. 19వ శతాబ్దం సాగేకొద్దీ లాంకషైర్ మిల్లుబట్ట వచ్చి పడింది. బందరు రుమాళ్ళు, ఇరానుకు వెళ్ళే అద్దకపు గుడ్డలు కొంతకాలం నిలదొక్కుకున్నాయి. 1850లలో విజయవాడ ఆనకట్టతో బందరు కాలువ వచ్చింది, డెల్టా వరిసీమ అయింది. 1859లో కృష్ణా జిల్లా ఏర్పడి మచిలీపట్నం దాని కేంద్రమైంది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. తుపానుగాలి తోసుకొచ్చిన సముద్రం మామూలు పోటుమట్టానికి 13 అడుగుల ఎత్తున ఊరి మీద పడింది. పర్రలను ముంచి పదిహేను, పదిహేడు మైళ్ళ దాకా లోపలికి పాకింది. చీకట్లో వచ్చింది, పారిపోవడానికి ఎత్తైన చోటు లేదు. తీరం పొడుగునా 30 వేల మంది దాకా చనిపోయారని నాటి లెక్క. బావులు ఉప్పుతేలాయి, శవాలతో నిండాయి. కోటలోని సైన్యాన్ని మరుసటేడు ఎత్తేశారు, కోట మళ్ళీ కోలుకోలేదు. ఆయుధాగారం, మందుగుండు గది గోడలు ఇప్పుడు మొండిగా నిలిచి ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయినప్పుడు, బందరు పెద్దలకు తాతల నోట విన్న ఆ రాత్రే గుర్తుకొచ్చింది.

ఉప్పెన తరవాత కొత్త దారులు కూడా బందరును తప్పించుకుపోయాయి. ప్రత్తి ఎగుమతులు కాకినాడ పట్టుకుంది. హైదరాబాదు రైలు 1889లో విజయవాడకు చేరింది, 1899లో అక్కడినుంచి మద్రాసుకు దారి కలిసింది. బందరుకు రైలు వచ్చేసరికి 1908. అప్పటికే వెనకనేల సరుకు వేరే గుమ్మాలకు అలవాటుపడింది. 1933లో విశాఖ రేవు తెరవడంతో పోటీ ముగిసింది.

వర్తకం వదిలిన పట్టణాన్ని చదువు పట్టుకుంది. రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన బడి నోబుల్ కళాశాల అయింది. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో తెలుగు సంపాదకీయానికి ఒక స్థాయిని తెచ్చింది. 1910లో కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. ప్రమోదకుమార చటర్జీ అక్కడ చిత్రకళ నేర్పాడు, అడివి బాపిరాజు అక్కడివాడే. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య ఈ కళాశాలలో పనిచేశాడు. 1923 నవంబరులో పట్టాభి లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకును ఇక్కడే తెరిచాడు. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రేవు పోయినా ఈ ఊరు ఒక తరానికి తెలుగుదేశపు మేధకు కేంద్రంగా ఉంది. దీన్ని రేవు చరిత్రకు అనుబంధంగా చూడడం సరికాదు. పరదేశి మాటా, పరదేశి రుచీ విని అలవాటైన ఊరు కావడం వల్లే ఇక్కడ కొత్త ఆలోచనకు చోటు దొరికింది.

చేతిపనుల్లో అద్దకం బందరు ఊళ్ళో తగ్గి, పక్కనున్న పెడనలో బతికింది. రసాయన రంగులు వచ్చి చిరివేరును చాలామటుకు తోసేశాయి, పనిని పట్టుకున్నవాళ్ళు మాత్రం కరక్కాయనూ పటికనూ వదల్లేదు. చిలకలపూడి బంగారుపూత నగలు ఇంటింటికీ చేరాయి. గిలకలదిండిలో చేపల పడవలు నిలుస్తాయి. పాత మచిలీపట్నంలో మిగిలిన రేవు అదే.

కొత్త ఓడరేవు కోసం 2008 నుంచి శంకుస్థాపనలు జరిగాయి. అసలు పనులు 2023లో మంగినపూడి వైపు మొదలయ్యాయి. అలలకు అడ్డంగా రాతిగోడలు కట్టి, సముద్రపు అడుగు తవ్వి లోతు చేసి, ఓడను గట్టుదాకా తీసుకురావాలన్నది ఆ పథకం. ఈ తీరాన ఓడ ఒడ్డుకు రావడం అదే మొదటిసారి అవుతుంది. పుణె నుంచి హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి, కుతుబ్‌షాహీల నాటి బండ్లదారి లాగే, బందరులో ముగుస్తుంది.